‘పుట్ ఆఫ్’ పాఠం, అలిపిరి మెట్లు

ఈ ప్రయాణం ఒక నోటు పుస్తకంతో మొదలైంది. నా భార్య సరళ వడమాలపేట దగ్గర బడిలో ఇంగ్లీషు చెప్పేది. ఆమె చనిపోయిన ఏడాదికి బీరువా సర్దుతుంటే ఆమె పాఠాల పుస్తకం దొరికింది. అందులో ఒక పేజీలో ‘పుట్ ఆఫ్’ అనే మాటకున్న అర్థాలన్నీ ఇంటి సంగతులతోనే రాసుకుంది. ఆయన లైటు ఆర్పాడు. మాడిన వాసనకు ఆయనకు అన్నం సయించలేదు. కండక్టరు మమ్మల్ని తిరుపతిలో దింపాడు. అన్నిటికీ అదే మాట. చివరి వాక్యం: ఆయన తిరుమల ప్రయాణం మళ్లీ వాయిదా వేశాడు. ఆ ‘ఆయన’ నేనే.

నా గుండె ఆపరేషనప్పుడు, అలిపిరి నుంచి ప్రతి మెట్టుకూ పసుపు పూసి కుంకుమ పెడతానని ఆమె మొక్కుకుంది. నేను కోలుకున్నాక మూడేళ్లు ఎండలన్నాను, పరీక్షలన్నాను, మోకాళ్లన్నాను. ఆమె కొన్న పొట్లాలు అదే బీరువాలో ఉన్నాయి.

ఉదయం ఆరింటికి వడమాలపేటలో తిరుపతి బస్సెక్కాను. ముప్పావు గంట, ముప్పై అయిదు రూపాయలు. బస్టాండు నుంచి అలిపిరికి షేర్ ఆటో ముప్పై. సంచిని కింది కౌంటర్లో ఇస్తే ఉచితంగా కొండ మీదికి చేరుస్తారు. ఏడున్నరకు మొదటి మెట్టు దగ్గర కూర్చుని పొట్లాలు విప్పాను. కుంకుమ గడ్డకట్టింది. చిదిపి పెట్టాను. వంద మెట్లకే నడుము పట్టేసింది. పక్కనే పసుపు పూస్తూ వస్తున్న సత్యవేడు ఆవిడ నా వాటం చూసి నవ్వింది.

“ఏంది సామీ, గోడకు సున్నం కొడతాండావా? ఇట్ట పూస్తే గాలిగోపురం దాకా గూడా రాదు.”

“అలవాటు లేదమ్మా.”

“అక్క యాడ మరి? పనంతా నీ మింద పెట్టి కూసోనుండాదా?”

“చనిపోయిందమ్మా. మొక్కు ఆమెది.”

ఆమె నవ్వు ఆగిపోయింది. నా పసుపులో కాసిని నీళ్లు కలిపి, “మూడు వేళ్లతో గీయి సామీ, సాలు” అంది.

పదకొండున్నరకు గాలిగోపురం చేరాం. అక్కడ నా పసుపు అయిపోయింది.

“మిగతాది ఇంకోసారి వచ్చి పూస్తాలే” అన్నాను. నోటికి అలవాటైన మాట.

“మళ్లా ఎప్పుడొస్తావప్పా? ఇందా.” తన పొట్లం విప్పి సగం నా దోసిట్లో పోసింది.

కొండ మీదికి చేరేసరికి మూడున్నర. చివరి మెట్టుకు బొట్టు పెట్టి లేచాను. మొక్కు తీరింది. చూడాల్సిన మనిషి లేదు. ఇంతా చేసి ఇది ఒక్క పగటి పని. మూడేళ్లలో సరళ అడిగిన ఏ పగలైనా సరిపోయేది.

వెళ్లేవాళ్లకు ఒక మాట: పసుపు కుంకుమలు కొన్న వారంలోనే బయలుదేరండి. దాచిపెడితే కుంకుమ గడ్డకడుతుంది.