ఎస్తేరమ్మ టీచర్ పడవ పంపు

ఈ ఉదయం మా ప్రొద్దుటూరు ఇంట్లో నీళ్ళ సంపు కడిగించాను. మోటారు అడుగున ఉన్న చివరి నీళ్ళు లాగేటప్పుడు గొట్టం గాలి మింగి గొళగొళమని ఒక మోత పెడుతుంది. ఇంట్లో వాళ్ళంతా ఆ మోతకు చెవులు మూసుకుంటారు. నాకు మాత్రం అది సన్నాయి విన్నంత సంబరం. సంపు పక్కన నిలబడి నవ్వుకుంటూ ఉంటే కోడలు తొంగి చూసి, "ఏందత్తా, ఒక్కదానివే నవ్వుతాండావు?" అంది. మా ఎస్తేరమ్మ టీచర్ గుర్తొచ్చిందమ్మా అన్నాను. ఆ అమ్మాయి ఆమెను చూడలేదు. మీరూ చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను.

నేను ఆమెను మొదట చూసింది నీళ్ళు నిండిన పడవలో. జమ్మలమడుగు పైన పెన్నకు అడ్డంగా కట్టిన రిజర్వాయరు నిండాక, అవతలి ఒడ్డున మిగిలిపోయిన ఒక పల్లెలో మిషన్ వాళ్ళ హైస్కూలు ఉండేది. అక్కడ సైన్సు టీచరుగా నాకు మొదటి ఉద్యోగం. బట్టల కొట్టు వాళ్ళ ఆడపిల్లను కదా, కొత్త వాయిల్ చీర గంజిపెట్టి కట్టుకుని పోయాను. పడవలో అడుగు పెట్టగానే చీర కుచ్చిళ్ళు మునిగాయి. జనమంతా డబ్బాలతో, చెంబులతో అడుగున ఉన్న నీళ్ళు ఎత్తి బయట పోస్తున్నారు. వాళ్ళ మధ్యలో తెల్లచీర మోకాళ్ళ దాకా ఎగదోపుకున్న ఒక భారీ మనిషి వంగి నీళ్ళు తోడుతోంది. నన్ను ఎగాదిగా చూసి, "కొత్త సైన్సు టీచరువి నువ్వేనా? మంచిది. నేను హెడ్మిస్ట్రెస్సును. ఇదో, ఈ డబ్బా పట్టుకో" అంది. ఆమె నాకిచ్చిన నియామకపు ఉత్తర్వు ఆ డాల్డా డబ్బాయే.

ఎస్తేరమ్మ టీచర్ వాళ్ళది తాతల కాలంలోనే మిషన్ దొరల దగ్గర చదువుకున్న కుటుంబం. నాన్న టీచరు, అమ్మ టీచరు, ఆమె పుట్టడమే టీచరుగా పుట్టిందని ఊళ్ళో అనేవారు. గొంతు విప్పితే రెండు వీధులు వినేవి. ఆ రెండు వీధులే ఆ ఊరికి పట్టిన పీడ. పై వీధి ఒక పార్టీ, కింది వీధి ఇంకో పార్టీ. ఎన్నికలు వస్తే జెండాలు, ఎన్నికలు పోతే కత్తులు. జమ్మలమడుగుకు పోయే బస్సు దారిలో రెండు పల్లెలు తగులుతాయి. ఒకటి పై వీధి వాళ్ళ చుట్టాలది, రెండోది కింది వీధి వాళ్ళ చుట్టాలది. ఒక చోట వీళ్ళను దింపితే ఇంకో చోట వాళ్ళను దింపేవారు. దింపిన తర్వాత జరిగే సంగతి చెప్పనవసరం లేదు. ఒక హత్య జరిగాక బస్సు రావడమే మానేసింది. ఇక మిగిలిన దారి నీళ్ళ మీదే.

పదో తరగతి పరీక్షల సెంటరు జమ్మలమడుగులో. నేను చేరడానికి ముందు సంవత్సరం లెక్కల పరీక్ష నాడు పడవ సగం దూరం పోయి, నీళ్ళు ఎక్కువై వెనక్కు తిరిగి వచ్చిందట. పిల్లలంతా పరీక్ష తప్పారు. ఆడపిల్లలు బడి మానేశారు. మగపిల్లలకు ఆ ఊళ్ళో సిద్ధంగా ఉండే ఉద్యోగం ఒకటే, ఎవరో ఒకరి జీపు వెనక సంచి పట్టుకుని కూర్చోవడం. ఆ సంచిలో ఏముంటుందో అందరికీ తెలుసు. ఎస్తేరమ్మ టీచర్ ఒకరోజు బడి వరండాలో నిలబడి, ధూళి లేపుకుంటూ పోతున్న జీపు చూపించి నాతో అంది. "ఆ ఎనక కూచున్న నలుగురూ నా పిల్లోల్లే. నేను అక్షరాలు దిద్దించినోల్లే. ఈ యేడు ఒక్కడు గూడా ఆ జీపు ఎక్కకూడదు. మన బ్యాచీ అంతా పరీక్షకు పోవల్ల. అంతే." ఆమె కళ్ళు తడిశాయి. అది చూశాక నాకు ఆమె గొంతంటే భయం పోయింది, ఆమె మాట కాదనడమంటే భయం పట్టుకుంది.

మొదట పడవ బాగుచేద్దామనుకున్నాం. పడవ నడిపే నరసింహులు గొర్రెల కాపరి. మేత బీళ్ళు నీళ్ళలో మునిగాక గడ పట్టాడు కానీ, ఆయనకు గొర్రె జబ్బులు తెలిసినంతగా పడవ జబ్బులు తెలియవు. ఆ మాటకొస్తే ఊళ్ళో ఎవరికి తెలుసు? మాది చినుకు కోసం ఆకాశం చూసే సీమ. తడి అంటే మాకు రెండే సంగతులు, వస్తే పంట, తగిలితే చెడు. శనక్కాయలు తడిస్తే బూజు, ధాన్యం తడిస్తే మొలక. కాబట్టి పడవ తడిసి పాడైందని ఊరంతా ఏకమాటగా తేల్చింది. రెండు వీధుల వాళ్ళూ ఒకే మాట మీదికి రావడం నేను చూడటం అదే మొదలు. ఎద్దులు కట్టి పడవను గట్టు మీదికి లాగి, బోర్లించి, శనక్కాయలు ఆరబోసినట్టు ఎండలో ఆరబెట్టారు. పలకలు ఫెళఫెళలాడుతుంటే, "బాగా ఎండుతాంది, ఇంగ గట్టిపడుతాది" అని నరసింహులు మురిసిపోయాడు. నేనూ తల ఊపాను, సైన్సు టీచర్ని!

తారు పూసి నీళ్ళలోకి దింపితే పడవ జల్లెడ అయ్యింది. అంతకు ముందు ఒకటి రెండు చోట్ల కారేది, ఇప్పుడు కారని చోటు లేదు. పలకలు ఎండి ముడుచుకుపోయి సందులు పడ్డాయి. ఎస్తేరమ్మ టీచర్ నడుం మీద చేతులు పెట్టుకుని, మునుగుతున్న పడవనూ నన్నూ మార్చి మార్చి చూసింది. "చెక్క నీల్లు తాగితే ఉబ్బుతాదని నువ్వే గదమ్మా ఏడో తరగతికి చెప్పినావు? ఆ పొద్దు నేను కిటికీలోంచి ఇన్న్యా" అంది. నేను తారు అంటిన చేతులు చూసుకున్నాను. ఆమె మాత్రం పడిపడి నవ్వింది. "నేనూ ఇన్న్యా గదా, నాకు మాత్రం తోచిందా? మన ఊరోల్లకు తడి అంటే గిట్టదు. రా, రాళ్ళు తెప్పిస్తాం." బడి పిల్లలతో రాళ్ళు మోయించి, పడవను ఒడ్డు పక్కనే ముంచి నానబెట్టించింది. కొన్నాళ్ళకు సందులు పూడాయి కానీ, ఎండకు నిలువునా పగిలిన పలకలు ఉన్నాయే, అవి మూసుకోలేదు. కొత్త పలకలు వేసే వడ్రంగి ఆ చుట్టుపక్కల లేడు. పరీక్షలు దగ్గర పడ్డాయి. పిల్లలంతా ఎక్కి కూర్చుంటే వంగి నీళ్ళు తోడటానికి చోటు ఉండదు. తోడకపోతే పడవ నిలవదు.

అప్పుడే ఆమె నా క్లాసులోకి వచ్చి నల్లబల్ల మీద నేను గీసిన బొమ్మ ముందు నిలబడింది. నీళ్ళు పైకి లాగే పంపు బొమ్మ. గొట్టం, దాని లోపల పైకీ కిందికీ ఆడే ముషలకం, కవాటాలు, బాణం గుర్తులతో చక్కగా గీశాను. "ఇది చేసి చూపీ" అంది. పరీక్షలో అడుగుతారు కాబట్టి చెబుతున్నాను, చేయడం నాకు రాదన్నాను. "రానిదాన్ని పిల్లోల్లకు వచ్చునని ఎట్ల చెప్తాండావు మరి?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. ఆ రాత్రి నాకు ఒళ్ళు మండిపోయింది. తెల్లవారేసరికి మంట చల్లారింది, ప్రశ్న మాత్రం మిగిలింది.

పైపుల కోసం నన్ను వెంటబెట్టుకుని, పడవలో నీళ్ళు తోడుకుంటూ జమ్మలమడుగు చేరి, బస్సులో పులివెందుల పోయింది. అక్కడ నుంచి లింగాల వైపు పల్లెల్లో బోర్లు వేసి వేసి అలసిపోయిన రైతులు ఉండేవారు. ఎండిన బోర్లలోంచి పీకిన పైపులు పెరట్లో కుప్పలుగా పడి ఉండేవి. ఆమె చదువు చెప్పిన ఒక శిష్యుడు అక్కడ సేద్యం చేస్తున్నాడు. "నీల్లు రాని పైపులు నీకేంటికి టీచర్?" అన్నాడు. "మాకు నీల్లు ఎక్కువైనాయి నాయనా, నీ పైపుల కరువు తీరుస్తాం" అంది. అతను నవ్వలేక, ఏడవలేక, పైపులు జమ్మలమడుగు బస్సు పైన కట్టించి పంపాడు. జమ్మలమడుగులో చెప్పులు కుట్టే ఆయన దగ్గర గిన్నె ఆకారంలో తోలు వాషర్లు చేయించాం. కవాటాలకు పాత సైకిలు ట్యూబు రబ్బరు సరిపోయింది. రెండు గొట్టాలు పడవ నడిమధ్యలో నిలబెట్టి, వాటి మీద ఏతాం కర్రలా ఒక దూలం అడ్డం పెట్టాం. ఒక కొన ఒకరు నొక్కితే రెండో కొన లేస్తుంది. అటూ ఇటూ ఇద్దరు కూర్చుని కొట్టాలి. ఒకరే కొట్టేలా చేస్తే సులువు కదా అని నేనంటే, "ఒక పక్కే బరువుంటే పడవ ఒరుగుతాది" అంది. అది నిజమే. కానీ ఆమె మనసులో ఉన్నది అదొక్కటే కాదని ఇప్పుడు నా నమ్మకం.

మొదటిసారి కొట్టినప్పుడు చుక్క రాలేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎస్తేరమ్మ టీచర్ ముషలకం పైకి లాగించి తోలు పట్టి చూసి, "దీన్ని ఏం చేసినావు?" అంది. శుభ్రంగా కడిగి ఎండలో ఆరబెట్టానన్నాను. అన్నాక నాకే తెలిసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒడ్డు మీదే కూలబడి నవ్వాం. తోలు నానబెట్టి మళ్ళీ బిగించాం. ఇద్దరు పిల్లలు కొట్టారు, గొట్టం లోంచి నీళ్ళు ఎగిరి సరాసరి ఆమె తెల్లచీర మీద పడ్డాయి. బురదనీళ్ళు. ఆమె తుడుచుకోలేదు. "కొట్టండిరా! ఇంగా కొట్టండి!" అని అరుస్తూనే ఉంది. కాసేపటికి అడుగున నీళ్ళు అయిపోయి గొట్టం గొళగొళమంది. పిల్లలు విరిగిపోయిందేమోనని బెదిరారు. "ఇరగలేదురా, ఇంగ తాగేదానికేం లేదని చెప్తాంది" అని ఆమె చప్పట్లు కొట్టింది. నా జీవితంలో అంత గొప్ప చప్పుడు నేను వినలేదు.

ఈ సంగతి పాకి, ఓట్లకు తిరుగుతున్న ఒక పార్టీ నాయకుడు బడికి వచ్చాడు. ఇంజను పడవ ఇస్తాను, మా జెండా రంగు వేయించండి చాలు అన్నాడు. "రంగేస్తే ఎక్కేది సగం మందే అప్పా. మిగతా సగం మందిని యాడ కూచోబెట్టేది? నీ ఇంట్లోనా?" అని మజ్జిగ ఇచ్చి పంపింది. ఇంజను పడవ వదులుకున్నందుకు నేను నొచ్చుకున్నాను. ఆమె నొచ్చుకోలేదు.

పరీక్షల మొదటి రోజు పొద్దున్నే ఒడ్డు మీద ఊరంతా ఉంది. పై వీధి ఓబులరెడ్డి, కింది వీధి గంగన్న, జీపుల్లో ముందు సీటు మనుషులు ఇద్దరూ, తమ మందీమార్బలంతో నిలబడి ఉన్నారు. ఓబులరెడ్డి కొడుకు శివ, గంగన్న కొడుకు రమణ పంపు దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. ఓబులరెడ్డి ముందుకొచ్చాడు. "మావోడు వాని ఎదురుగా కూచునేది కుదరదు టీచరమ్మా. వాడు కర్ర ఇడిచిపెడితే మావోని మూతి పగులుతాది."

"ఎవురు ఇడిచిపెట్టేది? ఎవుర్ని చూసి మాట్లాడతాండావు?" అన్నాడు గంగన్న. రెండు వైపులా మనుషులు కదిలారు. నేను పిల్లల వైపు జరిగాను.

"సరేలేప్పా, పిల్లోల్లు సదువుకుంటారు. మీరిద్దురూ కూచోని కొట్టండి" అంది ఎస్తేరమ్మ టీచర్.

"మేమా?"

"మీరు గాకుంటే ఎవురు? నా రెక్కల్లో బలముంటే మిమ్మల్ని అడుగుతానా? నీల్లు ఎక్కుతాండాయి, పరీక్ష మీకోసరం ఆగదు. పోయినేడు తప్పిన పిల్లోల్లు ఇప్పుడు మీ జీపుల్లోనే ఉండారు. వీల్లను గూడా ఆడికే తెచ్చుకుంటారా, కన్న బిడ్డల్ని?"

ముందు గంగన్న పడవ ఎక్కాడు. ఆయన ఎక్కితే ఓబులరెడ్డి ఆగుతాడా? వంగి కర్ర పట్టుకోబోతే నడుముకు దోపుకున్నది గుచ్చుకుంది. తీసి ఒడ్డున ఉన్న తన మనిషికిచ్చాడు. అది చూసి గంగన్న కూడా తనది తీసి ఇచ్చాడు. నరసింహులు గడ వేశాడు. నడినీళ్ళలో గాలి లేచింది. అలలు పక్క పలకల మీదుగా దూకాయి, అడుగున పగుళ్ళలోంచి నీళ్ళు ఉబికాయి. ముందు సంవత్సరం పడవ వెనక్కు తిరిగింది అక్కడేనని నరసింహులు గొణిగాడు. ఆ ఇద్దరూ చెమటలు కక్కుతూ కొట్టారు. ఒకరు నొక్కితేనే రెండో వారి చెయ్యి లేస్తుంది. ముందు ఎవరు ఆపితే వాళ్ళు ఓడినట్టు. తాతల నాటి ఆ పంతం మొదటిసారి ఒక మంచి పనికి వచ్చింది. పిల్లలు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని పొడి కాళ్ళతో చదువుకుంటూనే ఉన్నారు. జమ్మలమడుగు ఒడ్డు తగిలేసరికి పంపు గొళగొళమంది. అందరూ దిగారు. ఆ రోజు ఒక్కరూ పరీక్షకు అందకుండా పోలేదు.

అన్ని పరీక్షలకూ ఆ ఇద్దరే కొట్టారు. రెండో వాడు వచ్చి తాను రాకపోతే తనది తక్కువైనట్టని ఇద్దరికీ పట్టుదల. సైన్సు పరీక్ష నాడు పిల్లలు కేకలు వేసుకుంటూ వచ్చి పడవలో పడ్డారు. "టీచర్, పంపు బొమ్మ వచ్చినాది! అందరం మన పంపే గీసినాం!" ఓబులరెడ్డి కర్ర కొడుతూనే, ముఖాన నవ్వు దాచుకుంటూ కొడుకును అడిగాడు. "నన్ను గూడా గీసినావారా?"

"గీసినా నాయనా" అన్నాడు శివ. "రమణ వాళ్ళ నాయన్ను గూడా గీసినా. ఒక్కడే ఉంటే అది పనిచెయ్యదు గదా."

ఓబులరెడ్డి తల దించుకున్నాడు. గంగన్న నీళ్ళ వైపు చూశాడు. చేతులు మాత్రం ఆపలేదు, ఇద్దరూ.

ఆ ఊళ్ళో కక్షలు ఆ రోజుతో పోయాయని చెబితే మీరు నమ్మకండి. చాలా ఏళ్ళు పట్టింది, ఇంకా ప్రాణాలు పోయాయి. కానీ ఆ బ్యాచీలో జీపెక్కిన వాడు ఒక్కడు లేడు. శివ, రమణ ఇద్దరూ చదువుకుని వేరే ఊళ్ళలో ఉద్యోగాలకు పోయారు. ఎస్తేరమ్మ టీచర్ రిటైరయ్యేదాకా ఆ పడవలోనే తిరిగింది. ఆమె పోయిన రోజు శవపెట్టెను ఒక కొన పై వీధి వాళ్ళు, ఒక కొన కింది వీధి వాళ్ళు పట్టారు. ఆమె ఉండి ఉంటే, బరువు సమంగా ఉందా లేదా అని కసిరి ఉండేది.

నేను రిటైరయ్యేదాకా పంపు పాఠాన్ని ఒక్కసారీ నల్లబల్ల మీద మొదలుపెట్టలేదు. ఏ బడికి పోయినా ముందు ఒక పంపు చేయించేదాన్ని. తర్వాత ఆ క్లాసులో మాటలు లేని ఇద్దరు పిల్లలెవరో కనుక్కునేదాన్ని. చెరో కొనా చేతికిచ్చి, నీళ్ళు వచ్చేదాకా ఇద్దరినీ వదిలిపెట్టేదాన్ని కాదు. ఇప్పుడు బడి లేదు కానీ, మనవడూ మనవరాలూ మొన్నటి నుంచి పోట్లాడుకుని మాట్లాడుకోవడం లేదు. పంపు తోలు నానబెట్టాను.