కొసరుకొచ్చిన అంకె

ఆరేళ్ల కిందట, భోగాపురం మెయిన్ రోడ్డు మీదున్న నా రక్తపరీక్షల ల్యాబుకి సాఫ్ట్‌వేర్ కొన్నాను. బేరమంటే అలా ఆడాలి. కిరాణా కొట్టు బస్తాల మధ్య పెరిగినవాణ్ణి. చెప్పిన ధరని సగానికి దింపి, పైన కొసరు కూడా అడిగాను. అమ్మినతను విసిగిపోయి, రిపోర్టు అడుగున ‘రిస్క్ స్కోర్’ అనే గడి ఊరికే కలిపిచ్చాడు. దాన్ని జనానికెలా చెప్పాలని నేనడగలేదు. ఊరికే వచ్చినదాన్ని ప్రశ్నించడం మా ఇంటా వంటా లేదు. ఇంత తెలివితక్కువ లాభం మా వంశంలో ఇంకెవరూ కొట్టి ఉండరు.

వయసు, బీపీ, కొలెస్ట్రాల్, షుగరు, పొగ అలవాటు కలిపి, వచ్చే పదేళ్లలో గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం నూటికి ఎంతో చెప్పే అంకె అది.

ఒకరోజు తీరం నుంచి ఎర్రయ్య, అతని బావమరిది సూరి వచ్చారు. ఇద్దరూ సముద్రం వేటకెళ్లేవాళ్లే. ఎర్రయ్యకి యాభై దాటాయి, నోట్లోంచి చుట్ట దిగదు. స్కోరు అతనికి ముప్పై ఆరు వచ్చింది, సూరికి ఎనిమిది.

ఎర్రయ్య అక్కడికక్కడే మీసం దువ్వాడు. “ముప్పై అయిదుకే పాసు గదా! నానొకటి ఎక్కువే తెచ్చీసినాను. ఒరే సూరిగా, ఎనిమిదేట్రా? ఇస్కూల్లోనూ ఇంతే, ఇక్కడా ఇంతే!”

సూరి ముఖం పాలిపోయింది. “ఏటి బాబూ, నానింక బతకనా?”

నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. సూరికి ‘నీకేం భయం లేదు’ అని చెప్పి, ఎర్రయ్యని కూర్చోబెట్టాను. “మావా, ఇవి మార్కులు కావు. నీతో కలిపి అచ్చం నీలాంటోళ్లు నూరుమంది ఉన్నారనుకో. నీ వయసు, నీ బీపీ, నీ చుట్ట. పదేళ్లలో వాళ్లలో ముప్పై ఆరుగురు పడిపోతారు. మిగతావాళ్లు నిలబడే ఉంటారు.”

ఎర్రయ్య రిపోర్టుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, “ఆ మిగతా తొంభై తొమ్మిదిమందీ ఎక్కడుంతారు బాబూ?” అన్నాడు.

“ఎక్కడా ఉండరు. లెక్క కోసం అనుకోవడమే.”

“నాను ఉన్నాను గదా.”

వెనక జనం నిలబడి ఉన్నారు. డాక్టరుకి చూపించి మాత్రలు తెచ్చుకోమని పంపేశాను.

కొన్నాళ్లకి అతని భార్య నూకాలు చేపల గంపతో ల్యాబు ముందు ఆగింది. “మా ఆయనకేటి సెప్పినావు బాబూ? మాత్రలు తెచ్చినాడు, మింగడు. వేటకెళ్లడు. ఇసకలో బెండ్లతో మాటాడతన్నాడు. నువ్వే వచ్చి సూడు.”

ఆమె వెంట వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, తీరమంతా తెల్లగా ఉంది, మనిషి అలికిడి లేదు. ఒడ్డుకి లాగిన పడవల వెనక, వల నీళ్లలో తేలడానికి కట్టే బెండ్లు వరసలు వరసలుగా ఇసకలో నిలబెట్టి ఉన్నాయి. కొన్ని మాత్రం బోర్లా పడుకున్నాయి. పక్కనే ఖాళీ గోనెసంచితో ఎర్రయ్య కూర్చున్నాడు. అవెన్నో లెక్కపెట్టక్కర్లేకపోయింది. గాలి హోరుమంటోంది. నిలబడ్డవి ఒక్కటీ కదలడం లేదు. ఏదో పనిమీద పిలిస్తే వచ్చి ఆగినట్టున్నాయి.

పెద్దవల వెయ్యడానికి ఏ పడవ వంతు ముందో వాళ్లూళ్లో చీట్లు తీసి తేలుస్తారు. చీటీలో వచ్చినదాన్ని ఎవరూ కాదనరు. ఎర్రయ్య ఇక్కడా అదే పద్ధతి పట్టాడు. ఒక బెండుకి ఎర్రదారం కట్టాడు, అది తను. అన్నిటినీ గోనెసంచిలో కలిపి, కళ్లు మూసుకుని ఒక్కొక్కటే తీస్తాడు. ముందు వచ్చిన ముప్పై ఆరూ పడుకునేవి.

“రోజూ తీస్తన్నాను బాబూ. రోజూ పడుకున్నోళ్లలోనే వస్తన్నాది. సీటీ అబద్ధమాడదు. ఇంక మాత్రలెందుకు?”

బెండ్లన్నీ సంచిలో కలిపి, నేనూ చెయ్యి పెట్టి ఒకటి తీద్దామా అనిపించింది. పెట్టలేదు.

డాక్టరులా ధైర్యం చెప్పడం నాకు రాదు. వచ్చిందల్లా బేరం. బయల్దేరే ముందు కంప్యూటర్లో అతని వివరాలు మార్చి చూసొచ్చాను: బీపీ అదుపులో ఉంటే ఎంత, చుట్ట మానేస్తే ఎంత అని.

“మావా, చీటీ తియ్యకముందే పడుకునేవాళ్లని తగ్గించొచ్చు. బేరమాడు.”

అనుమానంగా చూశాడు. “బీపీ మాత్రకి ఎంతమందిని లేపుతావు?”

“తొమ్మిదిమందిని.”

“రోజూ మింగాల గదా! డజను సెయ్యి.”

“కుదరదు. ఫిక్సుడు రేటు. చుట్ట మానితే ఇంకో ఆరుగురు.”

“సుట్టకి ఆరేనా! నీ యవ్వారం బాగులేదు బాబూ.”

అంటూనే వంగాడు. ఒక్కో బెండునీ లేపి, మనిషి భుజం తుడిచినట్టు దానిమీది ఇసక తుడిచాడు. పదిహేనోదాన్ని నిలబెట్టి, చెయ్యి దానిమీదే ఉంచాడు.

“ఈ లేసినోళ్లల్లో నానున్నానా?”

“తెలీదు మావా.”

“నీ మిసన్‌కి?”

“దానికీ తెలీదు.”

నా వెనకే నిలబడ్డ నూకాలు గంప దించి, బెండ్లన్నీ అందులోకి ఎత్తేసింది. “తెలిసీదాకా మాత్రేసుకో,” అంది మొగుడితో. “ఎర్రదారందాన్ని నా కాడుంచుతాను.”

ఎర్రయ్య మాత్రలు మొదలెట్టాడు. చుట్ట మానడానికి చాలా కాలం పట్టింది. ఆ ఆరుగురి మీద గొణుగుడు మాత్రం ఇంకా మానలేదు.

ఆ అంకె ఉన్న రిపోర్టుని అప్పట్నుంచి ఊరికే చేతిలో పెట్టను. కూర్చోబెట్టి, అది జాతకం కాదని చెప్పి, ఏది మారితే ఎంత దిగుతుందో చూపించి డాక్టరు దగ్గరికి పంపుతాను. సూరిలాంటివాళ్లకి ‘నీకేం భయం లేదు’ అని కూడా అనను. నూటిలో ఎనిమిదిమందీ మనుషులే.

ఇక ఈ బేరానికి బిల్లు. ఎర్రయ్య ఇవాళ్టికీ వేటకెళ్తున్నాడు. మేము లేపిన పదిహేనుమందిలో ఉన్నాడో, ఏ మాత్రా మింగకపోయినా నిలబడి ఉండేవాడో, మిగిలిన ఇరవై ఒక్కరిలో ఉండి ఇంకా వంతు రాలేదో నాకు తెలీదు. అతని బతుకులో నా వాటా ఎంతో రాయాల్సినచోట ఏమీ రాయలేదు.