సున్నా నుంచి వంద దాకా

డ్రైవింగ్ స్కూలు మాస్టారిని ఊళ్ళో అందరూ "మెల్లగా మాస్టారు" అనేవారు. ఏళ్ళ తరబడి పక్క సీట్లో కూర్చుని, కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని, సగం ఊరికి స్టీరింగు పట్టడం నేర్పిన మనిషి. "మెల్లగా... మెల్లగా..." అన్నది ఆయనకు ఊపిరితో పాటు వచ్చే మాట. ఎదురుగా ఎవరైనా గబగబా కాఫీ తాగుతున్నా, బల్ల కింద ఆయన కాలు నేలను నొక్కేది.

అలాంటి మనిషికి వేగం పిచ్చి పట్టించింది ఆయన తోడల్లుడు.

తోడల్లుడికి మందుల షాపు ఉంది. మనిషి మంచివాడే గానీ నోరు ఊరుకోదు. మాస్టారు కొత్త కారు కొన్న నెలకే తనూ ఒకటి కొన్నాడు. కంపెనీ వేరు గానీ, పక్కపక్కన నిలబెడితే రెండూ కవలపిల్లలే. అదే తెలుపు, అదే పొడవు, అయిదుగురికి సరిపోయే అవే సీట్లు. ఒకరోజు ఆసుపత్రి బయట వాళ్ళ అత్తగారు ఈ రెండూ కాక మూడో తెల్ల కారు ఎక్కి కూర్చుని, "పద నాయనా" అన్నారు. ఆ కారాయన మర్యాదస్తుడు కాబట్టి మాట్లాడకుండా ఇంటి దగ్గర దింపి వెళ్ళాడు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర తోడల్లుడు చెయ్యి కడుక్కుంటూ, "అన్నయ్యా, మీ బండి సంసారపక్షం" అన్నాడు.

"అంటే?"

"అంటే ఏముంది, నెమ్మదస్తురాలు. మా దానికి కాలు అలా ఆనిస్తే చాలు, ఇలా దూకుతుంది. సున్నా నుంచి వంద అందుకునే లోపల మీది మా దుమ్ము కూడా చూడలేదు."

మాస్టారు నవ్వేసి ఊరుకున్నారు. ఊరుకున్నారు గానీ ఆ మాట లోపల ముల్లులా దిగబడిపోయింది. ఫోనులో రెండు కార్లనూ పోల్చే వీడియోలు వెతికి చూడడం మొదలుపెట్టారు. ఒకతను మాస్టారి బండే ముందన్నాడు. ఎంత తెలివైనవాడో అనుకుంటూ ఆ వీడియోను మళ్ళీ మళ్ళీ చూశారు. ఇంకొకతను తోడల్లుడి బండి ముందన్నాడు. వాడికి కారంటే ఏమిటో తెలియదని తేల్చేశారు. చివరికి ఉండబట్టలేక తోడల్లుడికి ఫోను చేసి, "వీడియోలెందుకు, మనమే తేల్చుకుందాం రా" అన్నారు.

ఊరి చివర విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే ఒకటి ఉంది. దాన్ని డ్రైవింగ్ స్కూళ్ళకు అద్దెకిస్తారు. ఆ పొద్దున మాస్టారు బయల్దేరే ముందు, బరువు తగ్గాలని కారులోంచి స్టెప్నీ, జాకీ, మ్యాట్లు, గొడుగు, చివరికి భార్య నడుముకు పెట్టుకునే దిండు కూడా తీసి వరండాలో పడేశారు. టిఫిను కూడా మానేశారు.

"ఏవండీ, కారు తీస్తున్నారా, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అంది భార్య, తనూ వస్తానని ఫ్లాస్కు పట్టుకుని.

తీరా వెళ్ళి చూస్తే తోడల్లుడు వెనక సీటు మొత్తం ఊడదీసి వచ్చాడు. అతని పక్క నుంచి అత్తగారు దిగారు. ఎవరి వైపూ మొగ్గరని ఆవిడను న్యాయమూర్తిగా పెట్టుకున్నారు. స్పీడు ముల్లు వంద తాకగానే నడిపేవాడు హారన్ కొట్టాలి. అది వినగానే ఆవిడ ఫోనులో గడియారం ఆపాలి. ఇదీ ఒప్పందం.

ముందు మాస్టారు. బండి బాగానే లేచింది. నలభై దాటింది, అరవై దాటింది, ఇంజను మోత పెరిగింది. ఆ మోత చెవిన పడగానే, పక్కన శిష్యుడెవడో కొంప ముంచుతున్నట్టనిపించి, "మెల్లగా!" అని తన మీద తనే అరిచి బ్రేకు తొక్కేశారు.

"హారన్ వినబళ్ళేదేం అల్లుడుగారూ? అక్కడే ఆగిపోయారేం?" అని ఇక్కణ్ణుంచి అత్తగారు కేకేశారు.

రెండోసారి పళ్ళు బిగబట్టుకుని వెళ్ళారు. ఈసారి హారన్ మోగింది, అదీ చాలా తొందరగా. అత్తగారు మురిసిపోయి గడియారం ఆపారు.

"అది కొంగల కోసం కొట్టింది అత్తయ్యా!" అని తోడల్లుడు గోల పెట్టాడు. నిజమే. రన్‌వే మధ్యలో కొంగలు వాలాయి.

తర్వాత తోడల్లుడి వంతు. ఒక్క తొక్కు తొక్కాడు. చక్రాలు కీచుమన్నాయి, పొగ లేచింది, బండి మాత్రం ఉన్నచోటే గింజుకుంది. తర్వాత ఉన్నట్టుండి ఎగిరింది. ఆ ఊపుకు అతను భయపడి స్టీరింగును గుండెలకు హత్తుకున్నాడు. దాంతో హారన్ అక్కడే మొదలై రన్‌వే చివరి దాకా మోగుతూనే ఉంది.

"రెండు సెకన్లు! చిన్నల్లుడే గెలిచాడు" అన్నారు అత్తగారు.

ఇద్దరూ ఒకరి మీద ఒకరు లేచారు. గోడ నీడలో కాఫీ తాగుతున్న మాస్టారి భార్య అంతా విని, గ్లాసు కింద పెట్టింది.

"రెండిటినీ ఒకే మనిషి నడిపితే కదా బండి సంగతి తెలిసేది? ఇప్పటిదాకా మీరు పోల్చింది మిమ్మల్ని."

"ఎవరు నడుపుతారు వదినా?" అన్నాడు తోడల్లుడు.

"నేను."

మాస్టారు కంగారుపడ్డారు. "నీకు నలభై దాటి అలవాటు లేదే!"

"మీరు పక్కన లేనప్పుడు బోలెడంత ఉంది."

ఆమె మొదట తమ కారు ఎక్కింది. బండి అరవలేదు, గింజుకోలేదు. గేరు ఎప్పుడు మారిందో తెలియకుండా సాగి సాగి దూరంగా చుక్కయిపోయింది. పొట్టిగా ఒక్క హారన్. తిరిగొచ్చి మరిది కారు ఎక్కింది. అదే పరుగు, అదే హారన్.

అత్తగారు ఫోనును దగ్గరికీ దూరానికీ పెట్టుకుని చూశారు. తేడా వెంట్రుకవాసి, అదీ తోడల్లుడి వైపు. అతను చొక్కా కాలరు ఎగరేసే లోపే మాస్టారు "ఇంకోసారి!" అన్నారు. మళ్ళీ నడిపింది. ఈసారి ఆ వెంట్రుక మాస్టారి వైపు జరిగింది.

"ఆ మాత్రం తేడా నా బొటనవేలిది. రెండూ ఒకటే, పదండి ఇంటికి" అన్నారు అత్తగారు.

మిఠాయి ఎవరో లాగేసుకున్న పిల్లల్లా నిలబడ్డారు అల్లుళ్ళిద్దరూ.

తాళం తన చేతిలోనే ఉండడంతో ఇంటికి కూడా ఆమే నడిపింది. మాస్టారు పక్క సీట్లో కూర్చున్నారు. కొంచెం రోషం, దానికి రెండింతలు గర్వం. ఏది ముందు బయటపెట్టాలో తేలలేదు.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు?"

"మీ దగ్గరే. మీరు ఆపమన్న చోట ఆపలేదు, అంతే."

మాస్టారు కిటికీ వైపు తిరిగారు. ఇన్నేళ్ళూ కారెక్కితే ఆయన చూసింది ముందున్న తారు రోడ్డూ, శిష్యుల కాళ్ళూ తప్ప ఇంకేమీ లేదు.

"ఈ సందు మొదట్లో చెప్పుల షాపు ఎప్పుడు పెట్టారే?" అన్నారు ఆశ్చర్యంగా.

"ఆరేళ్ళవుతోంది" అంది ఆమె. "మీ కాళ్ళకున్నవి అక్కడివే."