నెలాఖరు దాకా వాన లేదన్నాను

ఫోన్‌లో సముద్రాల రంగులు చూసి, వరంగల్‌లో వాన ఎప్పుడు పడుతుందో నెలల ముందే చెప్పేయొచ్చని నమ్మిన రోజులు నాకూ ఉండేవి. అప్పుడే డిగ్రీ అయిపోయి హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. ఎండలు మొదలవగానే సముద్రం ఎక్కడ వేడెక్కింది, గాలి ఎటు మళ్లింది అని పటాలు ముందేసుకుని, వానాకాలం మొత్తానికీ అంచనా తయారుచేసి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి. కాలం గడిచాక సరిచూసుకుని మార్కులు కూడా వేసుకునేవాణ్ణి. (పరీక్ష రాసేదీ దిద్దేదీ నేనే కాబట్టి ఎన్నడూ ఫెయిల్ కాలేదు.) మా అమ్మ దండం బొమ్మ పెట్టి ఊరుకునేది. చదివి నమ్మినవాడు మా చిన్నాయన ఒక్కడే.

చిన్నాయనకు ఊరి బయట ఇటుక బట్టి ఉంది. పచ్చి ఇటుక కోసి, ఎండబెట్టి, వానలు దిగేలోపు కాల్చెయ్యాలి. మధ్యలో గట్టి వాన పడిందా, ఇటుక మళ్లీ మట్టే. అందుకని ఏటా మే చివరికే కోత ఆపేస్తాడు. ఆ ఏడు నేను 'జూన్ నెలాఖరు దాకా వాన లేదు' అని పెట్టగానే ఫోన్ చేశాడు.

"పక్కానా బిడ్డా?"

"పక్కా చిన్నాయనా. ఫికర్ చెయ్యకు."

ఇంకేముంది, ఇంకో బట్టికి సరిపడా ఇటుక కోయించి మైదానం నిండా పరిపించాడు. పోతే ఆ ఏటి సంపాదనంతా పోయినట్టే. అప్పట్నుంచి నాకు అన్నం సయించలేదు. ఎక్కడో చిన్న మబ్బు తునక కనబడినా ఫోన్ తీసి పటాలు చూసుకునేవాణ్ణి.

దానికి తోడు ఇంకో చిక్కొచ్చి పడింది. నీళ్లకు అల్లాడుతున్న మా చర్చివాళ్లు ఆదివారం వాన కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టారు. నడిపించాల్సింది సంఘ పెద్ద. సంఘ పెద్ద ఎవరయ్యా అంటే మా చిన్నాయనే! "పచ్చి ఇటుక బయట పెట్టుకొని వాన రమ్మని ఎట్ల మొక్కుతవయ్యా?" అని చిన్నమ్మ మొత్తుకుంటే, "పోరడు నెలాఖరు అన్నడు గద. ఇప్పుడు మొక్కితే అప్పటికి అందుతది తీయ్" అన్నాడట.

ఆదివారం పొద్దున చర్చి గేటు దగ్గర ఫోన్ తీసి చూద్దును గదా, రాత్రికి రాత్రి అల్పపీడనం పుట్టి, మబ్బులు అప్పుడే ఖమ్మం దాటేశాయి. లోపలికి ఉరికేసరికి చిన్నాయన మైకు ముందు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. దగ్గాను. వెనక నుంచి చొక్కా లాగాను. "చిన్నాయనా, జర ఆగు" అని గొణిగాను. పోరడికి భక్తి పొంగుతోందనుకున్నాడేమో, ఇంకా గొంతు పెంచాడు.

"ప్రభువా, రేపూ మాపూ అనకు. ఈ దినమే కుమ్మరించు తండ్రీ!"

అందరూ ఆమెన్ అన్నారు. ఆ చర్చి మొత్తంలో 'ఇయ్యాల మాత్రం వద్దు ప్రభువా' అని వేడుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ప్రార్థన ముగిసీ ముగియకముందే పైన రేకుల మీద టపటపా మొదలైంది. కేకలు, చప్పట్లు, సంతోషం పట్టలేక ఏడుపులు. చిన్నాయన కళ్లు తెరిచి ముందు పైకి చూశాడు, తర్వాత నావైపు చూశాడు. ఆ చూపుకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇద్దరం నా బండి మీద పడుతూ లేస్తూ బట్టికి పోయాం. సంగతి తెలిసి చర్చివాళ్లూ ఆటోల్లో వచ్చి, ఆదివారం బట్టలతోనే బురదలోకి దిగి టార్పాలిన్లు లాగారు. ఒక వరస కప్పేలోపు ఇంకో వరస కరిగి కూలింది. సగానికి పైగా పోయింది. అంతలో ఒక ముసలమ్మ తడుస్తూ వచ్చి చిన్నాయన చేతులు పట్టుకుంది.

"నీ మాట దేవుడు ఎంబడే ఇన్నడయ్యా!"

పాపం, ఏమనగలడు? కాళ్ల దగ్గర ఇటుకలు ముద్దముద్దవుతుంటే, "దేవునికి స్తోత్రం అవ్వా" అన్నాడు. నేను టార్పాలిన్ అంచు పట్టుకుని ఏడ్చేశాను.

ఆ తర్వాత నెలాఖరు దాకా చుక్క రాలలేదు. ఆ ఒక్క రోజు తీసేస్తే నా అంచనా అచ్చంగా నిజమైంది. అన్నేసి మార్కులు నాకు అంతకు ముందెన్నడూ రాలేదు, ఎవరితో చెప్పుకోను?

అంచనాలు అంతటితో మానేశాను. మొన్న ఎండాకాలం చిన్నాయన ఫోన్ చేశాడు.

"ఈ యేడు ఇంకా పెట్టలేదేందిరా?"

"వద్దు చిన్నాయనా. నన్ను నమ్మి ఒకసారి మునిగినవ్, సాలదా?"

"నా ఇటుక మొత్తం నిన్ననే కాల్చిన. ఇగ నాకేం భయం లేదు. వాన రాదని పెట్టు బిడ్డా, జనం నీళ్లకు సస్తున్నరు."

ఆ రోజు మైకు దగ్గర చొక్కా లాగిన కుర్ర సారు గుర్తొచ్చి నవ్వొచ్చింది, వాడి మీద జాలీ కలిగింది. రాదని పెట్టేశాను. పెట్టి, డాబా ఎక్కి ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాను.