అత్తగారి వేళ్లు

మా అత్తగారు పాప బొడ్డు చుట్టూ ఇంగువ ముద్ద రాయగానే పాప కెవ్వుమంది. ఏడ్చి ఏడ్చి గాలి వదిలి, పెద్ద తేన్పు తీసి, నిద్రపోయింది. బొడ్డు చుట్టూ మాత్రం ఎర్రగా కందింది.

అది ఎనభైల నాటి సంగతి. పురిటికి వినుకొండ దగ్గర పుట్టింట్లో ఉంది నా భార్య. పాప తాగిన పాలు తాగినట్టే కక్కేది, పొట్ట ఉబ్బి కాళ్లు ముడుచుకునేది. బరువు పెరగడం లేదు. పాలు తాగాక తేన్పు వచ్చేదాకా నిటారుగా భుజాన వేసుకోమన్నారు డాక్టరుగారు. "అలాగేనండీ" అని వచ్చి, అత్తగారు ఇంగువ నూరారు.

ఆ పొద్దున ఆవిడ మిరపకాయలకు తొడిమలు తీశారు. చేతులు కడుక్కున్నారు కూడా. కడిగితే పోయే కారం కాదది.

"ఇక దాన్ని ముట్టుకోనే" అన్నారు కూతురితో.

"నీ భుజం మీదైతేనే దానికి తేన్పొస్తుంది. ముట్టుకోనంటే ఎట్లాగమ్మా?"

అప్పట్నుంచి చేతులకు పైటచెంగు చుట్టుకుని ఎత్తుకునేవారు. ముందుగా వేళ్లు వాసన చూసుకునేవారు. నా ఎదుట కూర్చోవడానికే మొహమాటపడే మనిషి, చేతులు చాపి "బాబూ, మీరూ చూడండి" అనేవారు. ఒకసారి తుమ్మాను. ఆ పూట ఆవిడ పాపను ఎత్తుకోలేదు.

పాప ఒళ్లు చేసింది. ఆ రోజు గాలి కదిలింది ఇంగువకా, కారానికా అన్నది మాత్రం తేలలేదు. మళ్లీ రాసి చూద్దామని ఎవరూ అనలేదు.