ట్యాగ్ కట్టిన చెయ్యి

గత వారం మా ల్యాబ్‌లో ఒక అమ్మాయి మోటారుకు కనెక్షన్ తప్పుగా ఇచ్చింది. పొగ కనపడలేదు గానీ, రాగితీగ మీది వార్నిష్ కాలిన వాసన గదంతా పాకింది. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వుకుంటుంటే నేను స్విచ్ ఆపి వరండాలోకి వెళ్లిపోయాను. ఆ అమ్మాయి నా వెనకే వచ్చి, "సారీ మేడమ్, మీరు వద్దన్నా నేనే పెట్టాను" అంది. ఎంత తేలిగ్గా అనేసిందో! ఆ ఒక్క మాట నా నోట రాకపోవడం వల్ల సింహాచలం బాబాయికి ఏమైందో నేనింతవరకు ఎక్కడా రాయలేదు.

బాబాయి మాకు చుట్టం కాదు. భిలాయిలో తెలుగువాళ్లకు వరస కలుపుకోవడానికి ఊరిపేరు చాలు, ఆయనదీ మా నాన్నదీ శ్రీకాకుళం వైపే. ఉక్కు కర్మాగారం లోపల కరిగిన ఇనుము కుండలను లాగే డీజిల్ ఇంజన్లు నడిపి రిటైరై, కోహ్కాలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. నేనప్పుడు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగం దొరక్క, క్యాంప్ 1లో నాన్న మొబైల్ రిపేరు షాపులో కూర్చునేదాన్ని. ఒకరోజు ఆయన గోరంత సర్క్యూట్ బోర్డును కాగితంలో చుట్టుకొచ్చి కౌంటర్ మీద పెట్టారు.

"దీనికి వైర్లు అతకాలమ్మా. నా కళ్లకి ఆనట్లేదు."

"ఏంటి బాబాయ్ ఇది?"

"డీకోడరు. బొమ్మ రైలుకి బుర్ర."

అలా మొదలైంది. వాళ్ల ముందుగదిలో సగం మేర చెక్కబల్ల, దాని మీద పట్టాలు. అంతవరకు ఆయన రైళ్లు పాత పద్ధతిలో నడిచేవి. పట్టాల్లో కరెంటు పెంచితే వాటి మీదున్న ఇంజన్లన్నీ కలిసి పరుగెత్తేవి, తగ్గిస్తే అన్నీ ఆగేవి. కొత్త పద్ధతిని డీసీసీ అంటారు. ఇందులో పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, దాంతోపాటే ఆజ్ఞలూ వెళతాయి. ఏ ఇంజను నంబరు పిలిస్తే ఆ ఇంజనే కదులుతుంది. చదువుకున్నదాన్ని కదా, అంతా తెలిసినట్టే రెండు ఇంజన్లకు డీకోడర్లు బిగించి మీట తిప్పాను. రెండూ ఒకేసారి బయలుదేరి ఎదురెదురుగా గుద్దుకున్నాయి. కొత్త డీకోడరు ఏదైనా మూడో నంబరుతోనే వస్తుందని నేను చదవలేదు. నా మొహం చూసి బాబాయి పగలబడి నవ్వారు.

"ఇద్దరికీ ఒకే పేరెట్టి పిలిస్తే ఇద్దరూ పలకరేటి? చలో, ముందు నామకరణం సేద్దాం."

ఒక్కో ఇంజన్నీ విడిగా ఉన్న పట్టా ముక్క మీద నిలబెట్టి నంబర్లు మార్చాం. పుస్తకం పూర్తిగా చదివాకే పనిముట్టు ముట్టుకోవాలని నాకు తెలిసింది ఆరోజే. కోప్పడకుండా ఆయన నేర్పిన పాఠాలు అలాగే ఉండేవి.

ఒక్క విషయంలో మాత్రం నవ్వేవారు కాదు. ప్లాంటులో ఏ యంత్రం మీదైనా మనిషి పనిచేస్తుంటే దాని స్విచ్‌కి తన పేరున్న ఎర్ర ట్యాగ్ కడతాడు. కట్టినవాడే విప్పాలి, పై ఆఫీసరైనా ముట్టుకోకూడదు. బాబాయి ఆ అలవాటును ఇంటికి తెచ్చుకున్నారు. బొమ్మ రైలు స్విచ్‌కి కూడా ట్యాగ్ కట్టేవారు. "ఏటి బాబాయ్, బొమ్మలకి కూడానా" అని నేనొకసారి ఆటపట్టిస్తే, "సెయ్యికి బొమ్మో నిజమో తెలీదమ్మా. దానికి అలవాటొకటే తెలుసు" అన్నారు.

బిస్కెట్ డబ్బా రేకులు కత్తిరించి, పాత టేప్‌రికార్డర్ మోటారు పెట్టి, తాను నడిపిన ఇంజన్‌కి నమూనాను ఆయన స్వయంగా చేసుకున్నారు. రెండేళ్లు పట్టింది. దానికింకా డీకోడరు పెట్టలేదు. డీకోడరు లేని ఇంజన్ను డీసీసీ పట్టాల మీద ఉంచితే కదలకుండా జుయ్యిమంటూ లోపలే కాలిపోతుంది. ఆ ఆదివారం దాని కొక్కేనికి జిగురు పెట్టారు. ఆరేవరకు ఎత్తకూడదని పక్క పట్టా మీదే ఉంచి, స్విచ్‌కి ట్యాగ్ కట్టి స్కూటరు మీద బజారుకెళ్లారు.

అదే సమయానికి నేనొక సార్‌ని తీసుకొచ్చాను. ఆయన కోచింగ్ సెంటర్లో ల్యాబ్ ఉద్యోగం ఖాళీగా ఉంది, నా పనితనం చూపిస్తే ఇచ్చేలా ఉన్నారు. బాబాయి భార్య పైడితల్లి పిన్ని వంటింట్లో టీ పెడుతోంది. ట్యాగ్ చూశాను. పది నిమిషాలేగా అనుకున్నాను. విప్పి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని స్విచ్ నొక్కాను. రెండు రైళ్లు వేటి దారిన అవి తిరిగాయి, సార్ మెచ్చుకున్నారు. పక్క పట్టా వైపు నేను చూడనేలేదు. ముందు వాసన వచ్చింది.

సార్ వెళ్లాక బాబాయి వచ్చారు. గుమ్మంలోనే ఆగి గాలి పీల్చారు. సంచీ కింద పెట్టి ఇంజను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"ట్యాగ్ కట్టినాను కదమ్మా?"

"నేనొచ్చేసరికి ట్యాగ్ లేదు బాబాయ్. ఉంటే స్విచ్ వేస్తానా?"

ఆయన బల్ల కింద వెతికారు. చొక్కా జేబు తడుముకున్నారు. నా వైపు ఒక్కసారి కూడా అనుమానంగా చూడలేదు. "ఐతే నేనే మర్చిపోనాను" అన్నారు. ఇంటికెళుతూ దారిలో ఆ ట్యాగ్‌ని మురిక్కాలవలో పడేశాను.

ఉద్యోగం వచ్చింది. కోహ్కా వెళ్లడం మానేశాను. తీరిక లేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఏడాది తర్వాత కూరల బజార్లో ఎదురయ్యారు. నడిచి వచ్చారు, చేతిలో చిన్న నోటు పుస్తకం. గ్యాసు ఆపాను, తాళం వేశాను, మోటారు ఆపాను అని వరసగా రాసి ఉంది.

"బుర్ర మీద భరోసా లేదమ్మా. అందుకే రాసుకుంటన్నాను" అని నవ్వి, నా ఉద్యోగం ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాను. అప్పుడైనా చెప్పుండాల్సింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను, అయితే ఆ గొడ్డలి దెబ్బ తిన్నది నేను కాదు.

కిందటేడు బాబాయి పోయారు. పలకరింపుకి వెళితే ముందుగదిలో బల్ల లేదు. పిన్ని నన్ను కూర్చోబెట్టుకుని చెప్పింది.

"ఆ ఇంజను కాలినకాడ్నించి ఆయనకి తన మీద నమ్మకం పోయిందమ్మా. రైళ్లు ఎవులికో ఇచ్చీసినారు. స్కూటరు అమ్మీసినారు. ట్యాగ్ కట్టడం మర్చిపోయినోడు రోడ్డెక్కకూడదు అన్నారు. డాక్టరు ఏటీ లేదన్నా నమ్మలేదు."

అప్పుడు చెప్పాను. ట్యాగ్, బ్యాగు, మురిక్కాలవ, అన్నీ. పిన్ని తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని నెమ్మదిగా అంది.

"నాకెందుకమ్మా సెప్తావు? ఆయనకి సెప్పుంటే నవ్వీసి ఇంకో ఇంజను సేసుకునేవోరు."

నిజమే, చేసుకునేవారు. ఆయన తిడతారని భయపడి అబద్ధమాడానని ఇన్నేళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ ఆయన నన్ను ఏనాడూ తిట్టలేదు. నా మాట నమ్మారు, అంతే. నన్ను నమ్మడం కోసం తనను తాను నమ్మడం మానేశారు.