దుబాయ్ నుంచి రావలసిన చీర

చెల్లె పోయిన పొద్దున మరిపెడలో వాళ్ల వాకిట్లో అందరి కళ్లూ ఒక ఫోన్ మీదే ఉన్నాయి. ఆడమనిషి పోతే పుట్టింటి చీర కప్పనిదే పాడె లేవదు. మా తల్లిదండ్రులు లేరు. కాటారంలో పుట్టింటి పేరుకు మిగిలింది తమ్ముడొక్కడే. వాడు దుబాయ్‌లో తాపీ పని చేస్తాడు. కబురు అందగానే బయలుదేరుతున్నానన్నాడు.

చెల్లె కొడుకు ఫోన్‌లో రెండు ఊర్ల పేర్లు కొట్టి నా చేతికిచ్చాడు. నేను అక్షరాలు నేర్చింది మనవలు పుట్టాక. కూడబలుక్కుంటూ పైకి చదివాను. దుబాయ్ నుంచి హైదరాబాద్‌కు రెండున్నర వేల కిలోమీటర్లు, విమానంలో నాలుగు గంటలలోపే.

“గింతేనా?” అన్నాడు చెల్లె మొగుడు, మా మరిది. “కాటారం నుంచి బస్సులు మారుకుంట వచ్చెటోళ్లకే గంతకంటె ఎక్కువ పడ్తది గద!”

అందరం అదే లెక్కలో పడ్డాం. డప్పులవాళ్లను మధ్యాహ్నానికి రమ్మన్నారు. మధ్యాహ్నానికి కాటారం నుంచి మా వాడకట్టు ఆడవాళ్లు బస్సు దిగారు. తమ్ముడు ఇంకా విమానమే ఎక్కలేదు.

“అక్కా, పాస్‌పోర్టు కంపెనీ బీరువల ఉన్నది,” అని ఫోన్‌లో ఏడ్చాడు. “తాళం ఉన్నోడు రేపొస్తడట.”

విమానం ఎక్కేచోటి నుంచి దిగేచోటికి ఎంత దూరమో ఫోన్ చెప్పింది. మనిషికీ ఆ బీరువాకూ ఎంత దూరమో చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఎండలు మండిపోతున్నాయి. ఐసుపెట్టె తెచ్చారు కానీ కరెంటు నిలవడం లేదు. వాళ్ల కులపెద్ద నా దగ్గరికొచ్చాడు. “ఏం జేద్దాం అక్కా? చీర లేకుండనే లేపుదమా?”

నేను బజారుకు పోయి ఎర్రంచు పచ్చ చీర తెచ్చాను.

“నువ్వు చిల్పూర్ కోడలివైతివి. నీది పుట్టింటి చీర ఎట్లయితది?” అన్నాడు.

“నేనేమన్న చిల్పూర్ల పుట్టిన్నా? ఇద్దరం ఒక్క తల్లి పాలే తాగినం. జరుగు.”

మరిదే లేచి దారి ఇచ్చాడు. చెల్లెకు చీర కప్పి, అంచు సర్ది, పాడె లేపమన్నాను.

తమ్ముడు మూడోనాడు, చెల్లె పేరిట పిట్టకు ముద్ద పెట్టే వేళకు వచ్చాడు. సంచిలో అక్కడ కొన్న చీర ఉంది. దాన్ని పట్టుకుని చెల్లెను కాల్చినచోట చాలాసేపు నిలబడ్డాడు. “గిదిప్పుడు ఎవలకియ్యాలె అక్కా?”

“నాకియ్యి. సచ్చినంక కప్పుడెందుకు? బతికుండంగనే కట్టుకుంట.”

ఏడుస్తున్నవాడు నవ్వాడు. నవ్వు ఆగాక అడిగాడు. “నీకూ గిట్లనే అందకపోతే?”

“అందకున్నా ఏం గాదు. గీ చీరనే కప్పమని చెప్పి పోత.”

దాన్ని పెట్టెలో దాచలేదు. నాట్లకు కూడా కట్టుకుపోతున్నాను. అంచు అప్పుడే పిగిలింది. మళ్లీ వచ్చేటప్పుడు ఇంకోటి తెమ్మని తమ్ముడికి ఫోన్‌లో చెప్పాను.